పొట్టి నాలుకలు

డ్రైవర్ రాస్తానని చెబితే
మడికొండలో మా ఇంటి ఓనరు వజ్రమ్మ
"ఏ డిపో బిడ్డా?" అని అడిగింది.
నవ్వి ఊరుకున్నాను.

ఏటూరునాగారం నైట్ హాల్ట్ కండక్టరు ఓదేలు
టికెట్ మిషన్ నా బల్ల మీదికి నాలుగోసారి వచ్చింది.
దారంతో కట్టిన చీటీలో పచ్చ పెన్ను రాత:
"రాత్రంత మెరుపు గుర్తు ఉంటది.
పొద్దుగాల ములుగు రాకముందే సస్తది."

నా బల్ల మీద అది ఒక్కసారీ చావలేదు.
పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను.
లాగ్‌లో ప్రతిసారీ అదే వరుస:
కరెంటు వచ్చింది. గోడ ఛార్జరు. పదిహేను వందల మిల్లీఆంపులు.
వాడకంలో పొరపాటు అని రాసి మూసేయబోయాను.

తీగ తానెవరో చెప్పదు.
ఐదు వోల్టులు చేతిలో పెట్టి ఊరుకుంటుంది.
అవతల గోడో, కంప్యూటరో మేమే అడగాలి.
ఒక డేటా తీగ మీద అర వోల్టు పైచిలుకు చిల్లర పెట్టి
రెండో తీగ దగ్గర చెవి ఒగ్గుతాం.
పెట్టిందే వినిపిస్తే అవతల రెండూ ముడేసి ఉన్నట్టు,
గోడ ఛార్జరు, కడుపునిండా తాగొచ్చు.
ఏమీ వినిపించకపోతే కంప్యూటరనుకుని
కొత్త చుట్టంలా వంద మిల్లీఆంపులు పుచ్చుకుని
పేరు పెట్టి పిలిచేదాకా కూర్చుంటాం.
గోడకు పిలవడం రాదు.

మెరుపు గుర్తు మాత్రం రెండిటికీ ఒకటే.
ఆ లైను రాసింది నేనే, పోయినేడు, ఒక శుక్రవారం సాయంత్రం:
ఐదు వోల్టులుంటే వెలిగించు.

చివరికి ఆ బస్సే ఎక్కాను.
పస్రా దాటాక అడవి, తాడ్వాయి దాటాక ఇంకా అడవి.
హాల్టింగ్ రూములో సున్నం రాలే గోడ, దానికి ఒక్కటే ప్లగ్గు,
దోమల మిషన్ పీకి ఓదేలుకిచ్చాడు స్టీరింగ్ రాజలింగు.

ఓదేలు కుడిచేతి రెండు వేళ్లు
ఎప్పుడో పరకాల బస్టాండులో బస్సు తలుపు నలిపేసింది.
కేబుల్‌ని అరచేతి మడమతో నెడతాడు, మెల్లగా,
పసిపిల్లకు చెవిపోగు పెడుతున్నట్టు.
స్క్రీన్ మీద లాగ్ తెరిచి చూస్తున్నాను:
కరెంటు వచ్చింది. అడిగాను. జవాబు లేదు.
కంప్యూటరు. వంద.

కళ్లెదురుగా గోడ.

ప్లగ్గు నోట్లో నాలుగు నాలుకలు.
బయటి రెండూ పొడుగు, కరెంటువి.
లోపలి రెండూ పొట్టి, మాటవి.
ముందు తిండి తగులుతుంది, తర్వాతే మాట.
నా విసురు చేతికి ఆ రెంటి మధ్య రెప్పపాటు,
ఆయన చేతికి అర సెకను.
ఆ అర సెకనులో నేను ప్రశ్న అడిగేసి
జవాబు రాలేదని తీర్పు రాసేశాను.

చెబితే ఆయనకేం వింత అనిపించలేదు.
"మేమైతే మేడం,
మనిషి రెండు కాళ్లు బస్సుల పెట్టినంకనే
యాడికని అడుగుతం.
ఒక కాలు కింద ఉన్నప్పుడు అడిగితే ఏం చెప్తది ముసలామె?"

లాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని
అడిగే లైనుకు పైన ఇంకొక లైను రాశాను:
పొట్టి నాలుకలు తగిలాయా? లేకుంటే ఆగు.
తొమ్మిది వందల మిల్లీసెకన్ల దాకా ఆగు.
మెరుపు గుర్తునూ మార్చాను,
బ్యాటరీలోకి నిజంగా ఏదైనా దిగుతుంటేనే ఇక వెలుగుతుంది.
బయట కుక్కలు ఎవర్నో చూసి మొరిగి మానేశాయి.

తెల్లారి ములుగులో మిషన్ బతికే ఉంది, ఎనభై నాలుగు శాతం.
మిరపకాయల బస్తాతో ఒకామె ఎక్కుతోంది.
ముందు బస్తా, తర్వాత ఒక కాలు.
ఓదేలు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు,
ఇంకా ఏమీ అడగలేదు.

రాజలింగు తన ఫోన్ ఛార్జరు కూడా చూడమని ఇచ్చాడు,
హన్మకొండ చౌరస్తాలో కొన్నది, పేరు లేనిది.
రెండు తీగల మీదా అది సొంత వోల్టులేవో పట్టుకుని కూర్చుంది,
గోడలా కాదు, కంప్యూటరులా కాదు.
లాగ్‌లో "తెలియదు" అని పడింది.
ఆ కేసు కింద ఇంకా ఏమీ రాయలేదు నేను.